అప్పు తీరినా తొలగని మచ్చ

రుణ చరిత్ర దెబ్బతిని డెల్టాలో అవస్థలు.. దిద్దుకునే హక్కు ఉన్నా కొరవడిన అవగాహన

రాజమహేంద్రవరం: తెలుగులో ‘పరపతి’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. అప్పు పుట్టే స్తోమత ఒకటి, నలుగురిలో మాట చెల్లుబాటు కావడం మరొకటి. గోదావరి డెల్టాలో ఈ రెండూ ఏనాడూ వేర్వేరుగా లేవు. సార్వా పెట్టుబడికి ధాన్యం వ్యాపారి అప్పిచ్చాడంటే ఆ ఇంటి మాట మీద నమ్మకంతోనే. సహకార సంఘాలు సైతం ‘పరపతి సంఘం’ అన్న పేరుతోనే ఊరూరా వెలశాయి. ఇప్పుడా పరపతి ఊరి నోట లేదు. ఎక్కడో ఉన్న నాలుగు సంస్థల కంప్యూటర్లలో 300 నుంచి 900 మధ్య ఒక అంకెగా మారింది. పంట రుణం మొదలు పిల్లల చదువుకు తీసుకునే విద్యారుణం వరకు బ్యాంకు అధికారి ముందుగా చూస్తున్నది ఆ అంకెనే.

డెల్టాలో ఆ అంకె పడిపోవడానికి అప్పు ఎగవేతే కారణమనుకుంటే పొరపాటు. తుపాను, ధరల పతనం, మాఫీ హామీలపై నిరీక్షణ, ఒకరి పేరుతో మరొకరు తీసుకున్న రుణం, వేలిముద్రల చోరీ.. ఇలా రుణగ్రహీత చేతిలో లేని కారణాలు అనేకం. చెడిన నమోదును సరిచేయించుకునే హక్కును చట్టం పైసా ఖర్చు లేకుండా కల్పించింది. గడువు దాటితే పరిహారం సైతం నిర్ణయించింది. అయితే నమోదు దానంతట అది మారదు. అప్పు మాఫీ అయినా, రాజీలో తీరినా, మోసమని తేలినా రాతపూర్వకంగా అడిగి, వెంటబడితేనే పేరు బాగుపడుతుంది. ఈ సంగతి తెలియకనే వేలాది కుటుంబాలు అధిక వడ్డీల వైపు మళ్లుతున్నాయి.

పేరు ఎలా చెడుతుంది?

మన దేశంలో తొలి పరపతి సమాచార సంస్థ సిబిల్ 2000లో ఏర్పడింది. 2005లో పార్లమెంటు పరపతి సమాచార సంస్థల క్రమబద్ధీకరణ చట్టాన్ని చేసింది. ప్రస్తుతం ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు రిజర్వు బ్యాంకు అనుమతితో పనిచేస్తున్నాయి. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు తమ ఖాతాదారుల అప్పులు, వాయిదాల వివరాలను ఈ నాలుగింటికీ పంపాలి. నెలకోసారి పంపే ఈ సమాచారాన్ని 2025 జనవరి నుంచి కనీసం పక్షం రోజులకోసారి పంపాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

ఇక్కడే ఒక కీలకాంశముంది. పరపతి సంస్థ తనంతట తానుగా ఎవరి నమోదునూ మార్చదు. బ్యాంకు పంపిందే రాస్తుంది, బ్యాంకు సరిచేసి పంపితేనే దిద్దుతుంది. వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందన్నది నెలవారీగా గత 36 నెలలకు నివేదికలో కనిపిస్తుంది. ఖాతా మూసివేసినా పాత వివరాలు ఏడేళ్లకు తక్కువ కాకుండా నిల్వ ఉంటాయి. కాబట్టి ఒకసారి చెడిన పేరు మూడు నాలుగు పంటల కాలం కాదు, అంతకు మించి వెంటాడుతుంది.

మాఫీ వేరు.. నమోదు వేరు

డెల్టా రైతుకు ఎదురుదెబ్బలు కొత్త కావు. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది. గిట్టుబాటు లేక 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటి కోతకు వచ్చిన వరిని ముంచింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికా సుంకాలను 50 శాతానికి పెంచడంతో భీమవరం పరిసరాల్లో రొయ్యల సాగుదారులు ధర లేక దిగాలు పడ్డారు. ఇలాంటి ప్రతి సందర్భంలోనూ వాయిదాలు తప్పుతాయి. ఆ తప్పిన వాయిదాకు కారణమేమిటో నివేదికలో ఉండదు, ఎన్ని రోజులు తప్పిందో మాత్రమే ఉంటుంది.

దీనికి మాఫీ హామీల రాజకీయం తోడైంది. 2014 ఎన్నికల తర్వాత రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి రూ.1.50 లక్షల వరకు పంట రుణాల ఉపశమనం ప్రకటించింది. సొమ్ము ఒకేసారి కాకుండా అయిదు విడతల్లో చెల్లిస్తామంది. నాలుగు, అయిదు విడతలకు సంబంధించిన ఉత్తర్వును తర్వాతి ప్రభుత్వం 2019 సెప్టెంబరులో రద్దు చేసింది. మాఫీ వస్తుందని వాయిదా ఆపిన రైతు ఖాతా ఈలోగా బకాయిల జాబితాలో చేరింది. గడువులోగా చెల్లించిన వారికే దక్కే వడ్డీ రాయితీ దూరమైంది. ప్రభుత్వం విడతలుగా జమ చేసిన సొమ్ము అప్పును తగ్గించిందే గాని, ఆలస్యమైన నెలల లెక్కను చెరిపివేయలేదు.

డ్వాక్రా మహిళలదీ ఇదే అనుభవం. 2014లో రుణమాఫీ హామీని నమ్మి వాయిదాలు నిలిపిన సంఘాలకు ఆ తర్వాత సభ్యురాలికి రూ.10 వేల చొప్పున పెట్టుబడి నిధి అందింది. 2019 ఏప్రిల్ 11 నాటికి ఉన్న సంఘాల బకాయిలను 2020 సెప్టెంబరు నుంచి 2024 జనవరి వరకు నాలుగు విడతల్లో ‘ఆసరా’ పేరిట ప్రభుత్వం చెల్లించింది. ఈ మధ్యకాలంలో మరో మార్పు చోటుచేసుకుంది. సంఘాల రుణ సమాచారాన్ని సభ్యురాలి వారీగా పరపతి సంస్థలకు పంపాలని 2016 జనవరిలో రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. అంతకుముందు సంఘం పేరు చాటున ఉన్న బకాయి అప్పటి నుంచి ఆడపడుచు సొంత పేరు మీదికి చేరే వీలు ఏర్పడింది.

సూక్ష్మరుణాల సంగతి మరింత విచిత్రం. వసూళ్ల ఆగడాల నేపథ్యంలో 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అత్యవసరాదేశం తెచ్చి, తర్వాత చట్టం చేసింది. వారం వారం వసూళ్లు ఆగిపోయాయి. పేదలకు వేధింపుల నుంచి ఊరట దక్కింది. అయితే చట్టం వసూలును కట్టడి చేసిందే తప్ప అప్పును రద్దు చేయలేదు. ఆగిన వాయిదాలు బకాయిలుగానే మిగిలాయి. రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన ఫైనాన్సు కంపెనీలకు ఆ చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది.

పేరు ఒకరిది.. పైకం మరొకరిది

పేరు అరువివ్వడం డెల్టాలో పాత అలవాటు. బంధువుకు హామీ సంతకం, యజమాని కోరిక మీద కూలీ పేరున రుణం, స్నేహితుడి బండికి తన పాన్ కార్డు.. మొహమాటంతో చేసే ఈ పనులకు పరపతి నివేదికలో మొహమాటం ఉండదు. అసలు రుణగ్రహీత కట్టకపోతే హామీదారు నివేదికలోనూ ఆ బకాయి కనిపిస్తుంది.

ఇది ఎంత దూరం పోగలదో చేపల చెరువుల రుణాల వ్యవహారం చాటింది. 2009 నుంచి 2013 వరకు ఆర్థిక సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని తమ అయిదు శాఖల నుంచి రూ.772 కోట్ల రుణాలు మోసపూరితంగా మంజూరయ్యాయని 2018 మార్చిలో ఐడీబీఐ బ్యాంకు స్టాక్ ఎక్స్ఛేంజీలకు వెల్లడించింది. వాటిలో గోదావరి జిల్లాల శాఖలూ ఉన్నాయి. లేని చెరువులకు కౌలు పత్రాలు సృష్టించారని, తాకట్టు ఆస్తుల విలువను పెంచి చూపారని అభియోగం. కిసాన్ క్రెడిట్ కార్డుల కింద పలువురి పేర్లతో తీసిన సొమ్మును మరికొందరు వాడుకున్నారని సీబీఐ, ఈడీ ఆరోపించాయి. కేసుల్లో ఎవరు దోషులన్నది న్యాయస్థానాలు తేల్చవలసిన అంశం. ఈలోగా కాగితాల మీద రుణగ్రహీతగా ఉన్న వ్యక్తి కోట్ల బకాయిదారుగానే నిలుస్తాడు. తెలిసి సంతకం చేసినవారికీ, తెలియక వేలిముద్ర వేసినవారికీ నివేదికలో తేడా ఉండదు.

వేలిముద్రలకూ దొంగలు

అడగకుండానే పేరు దోచుకునే వారూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని భూ దస్తావేజుల నుంచి వేలిముద్రలు సేకరించి, నకళ్లు తయారుచేసి, ఆధార్ ఆధారిత చెల్లింపుల ద్వారా ఖాతాలు ఖాళీ చేసిన ముఠాను 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. పొలం అమ్మినా కొన్నా దస్తావేజుపై వేలిముద్ర తప్పని ఈ ప్రాంతానికి అది గట్టి హెచ్చరిక.

రుణ యాప్‌ల ఉచ్చు అంతకన్నా ఘోరమైనది. 2022 సెప్టెంబరులో యాప్ నిర్వాహకుల వేధింపులు తాళలేక రాజమహేంద్రవరంలో యువ దంపతులు ఆత్మహత్యకు పాల్పడ్డారు. ఇద్దరు పసిపిల్లలు అనాథలయ్యారు. బ్యాంకులో అప్పు పుట్టని కుటుంబం నిమిషాల్లో సొమ్మిచ్చే యాప్‌ను ఆశ్రయించడం, ఫోన్‌లోని పేర్లు, ఫొటోలు వారి చేతికి చిక్కడం, ఆపై పరువు పోతుందన్న భయం.. ఈ గొలుసుకు తొలి లంకె పరపతి లేకపోవడమే. అందుకే రుణ చరిత్రను దిద్దుకోవడం లెక్కల వ్యవహారమే కాదు, ప్రాణాలతో ముడిపడిన వ్యవహారం. నియంత్రణలోని సంస్థలతో ఒప్పందమున్న రుణ యాప్‌ల జాబితాను 2025 జులై 1 నుంచి రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైట్‌లో ఉంచుతోంది. అందులో లేని యాప్ జోలికి పోకపోవడం శ్రేయస్కరం.

దిద్దుకునే దారి ఇదీ

మొదటి మెట్టు సొంత నివేదికను చూసుకోవడం. నాలుగు సంస్థలూ ఏటా ఒకసారి పూర్తి నివేదికను స్కోరుతో సహా ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2016 సెప్టెంబరులో ఆదేశించగా, 2017 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. ఒక సంస్థ నివేదికలో లేని తప్పు మరో సంస్థ నివేదికలో ఉండవచ్చు. కాబట్టి నాలుగింటినీ తెప్పించుకోవాలి. తాను తీసుకోని రుణం, తీరినా తెరిచి ఉన్న ఖాతా, ఒకే అప్పు రెండుసార్లు నమోదు కావడం, తాను అడగకుండానే ఎవరో తన పేరున రుణానికి విచారించిన తేదీ.. ఈ నాలుగూ జాగ్రత్తగా గమనించాలి.

ఈ ప్రాంతంలో బ్యాంకు పేర్ల మార్పు అదనపు చిక్కు. రెండు గోదావరి జిల్లాల్లో లీడ్ బ్యాంకుగా వ్యవహరించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. తాను ఎన్నడూ గడప తొక్కని బ్యాంకు పేరు నివేదికలో కనిపిస్తే మోసమని కంగారు పడేముందు అది పాత బ్యాంకు అప్పేమో చూసుకోవాలి. పాత బ్యాంకు ఇచ్చిన రసీదులు, పాసు పుస్తకం భద్రపరచినవారికి ఇప్పుడవే రక్ష. విలీనమైన బ్యాంకు బాధ్యతలన్నీ కొత్త బ్యాంకువే. పాత శాఖ లేదన్న సాకు చెల్లదు.

తప్పు కనిపిస్తే రుణమిచ్చిన బ్యాంకుకు, పరపతి సంస్థకు ఆధారాలతో ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు సంఖ్య, తేదీ తప్పక తీసుకోవాలి. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో పరిష్కరించకుంటే ఆపై ప్రతి రోజుకు రూ.100 చొప్పున ఖాతాదారుకు పరిహారం చెల్లించాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. ఇందులో బ్యాంకుకు 21 రోజుల గడువు. జాప్యం బ్యాంకుదైతే బ్యాంకు, పరపతి సంస్థదైతే ఆ సంస్థ చెల్లించాలి. అప్పటికీ కదలిక లేకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. 2022 సెప్టెంబరు 1 నుంచి పరపతి సమాచార సంస్థలనూ అంబుడ్స్‌మన్ పరిధిలోకి తెచ్చారు. సందేహాలకు 14448 నంబరు ఉంది.

పేరు చోరీ అయితే ఆలస్యం విషం. ఖాతా నుంచి సొమ్ము పోయినా, తెలియని రుణం కనిపించినా వెంటనే 1930కు ఫోన్ చేసి సైబర్ నేరాల విభాగంలో నమోదు చేయించాలి. బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపాలి. ఖాతాదారు తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివారి వల్ల జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే ఖాతాదారుపై భారం ఉండరాదని 2017 జులైలో రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. పోలీసు ఫిర్యాదు ప్రతి చేతిలో ఉంటేనే పరపతి సంస్థ ముందు ‘ఈ అప్పు నాది కాదు’ అన్న వాదన నిలుస్తుంది. ఆధార్ వేలిముద్రలను అవసరం లేనప్పుడు ఆన్‌లైన్‌లో తాళం వేసి ఉంచే సదుపాయం ఉంది. తన పేరున ఎన్ని సిమ్‌లున్నాయో కేంద్ర టెలికాం శాఖ ‘సంచార్ సాథీ’ పోర్టల్‌లో చూసుకుని, తనవి కానివి రద్దు చేయించవచ్చు.

తీరడంలోనూ తేడాలు

అప్పు నిజమే, కట్టలేకపోయారనుకుందాం. అప్పుడు దగ్గరదారులు లేవు. ఏకకాల పరిష్కారం కింద తగ్గించి కట్టినప్పుడు నివేదికలో ‘మూసివేత’ అని కాక ‘సెటిల్డ్’ అని నమోదవుతుంది. అంటే పూర్తిగా చెల్లించలేదని అర్థం. రాజీ పరిష్కారం పొందినవారికి వ్యవసాయేతర రుణాల్లో కనీసం 12 నెలలు ఆగాకే అదే సంస్థ కొత్త రుణం ఇవ్వాలని 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు విధించింది. రాజీ తప్పు కాదు. అయితే దాని పర్యవసానం తెలిసి సంతకం చేయాలి. వీలైనవారు మిగతా సొమ్ము కూడా కట్టి, ఖాతాను పూర్తి మూసివేతగా మార్పించుకోవడం మేలు.

పూర్తిగా కట్టిన రోజే బాకీ లేదన్న పత్రం తీసుకోవాలి. తాకట్టు పెట్టిన ఆస్తి పత్రాలను 30 రోజుల్లో తిరిగి ఇవ్వకుంటే రోజుకు రూ.5 వేల చొప్పున పరిహారం చెల్లించాలన్న నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి వర్తిస్తోంది. ఆపై నెల దాటాక నివేదిక మళ్లీ చూసుకోవాలి. చిన్న బంగారు రుణమో, సంఘం ద్వారా తీసుకున్న అప్పో గడువులోగా కడుతూ పోతే కొత్త నెలలు పాత నెలలను నివేదికలో వెనక్కి నెడతాయి. ఇది నెలల తరబడి సాగే పని. పదివేలిస్తే వారంలో స్కోరు పెంచుతామనే దళారుల మాటలు నమ్మరాదు. నిజమైన బకాయిని చెరిపే అధికారం ఎవరికీ లేదు. తప్పుడు నమోదును సరిచేయడానికి ఎవరికీ రుసుము చెల్లించనక్కర్లేదు. పైపెచ్చు ఆధార్, పాన్, ఓటీపీ అందుకున్న దళారి మరో చోరీకి తెర తీయవచ్చు.

చరిత్రే లేని కౌలు రైతు

ఇంతవరకు చెప్పినదంతా రుణ చరిత్ర ఉన్నవారి గురించి. డెల్టాలో పొలం దున్నేవారిలో అత్యధికులైన కౌలు రైతులకు ఆ చరిత్రే లేదు. పాసు పుస్తకం భూ యజమానిది. దానిపై పంట రుణం, సక్రమ చెల్లింపుల మంచిపేరు యజమానివే. శిస్తు కట్టి సార్వా, దాళ్వా పండించే కౌలుదారు వ్యాపారి వద్ద అప్పు తెచ్చి, పండిన గింజ ఆయనకే కొలుస్తాడు. పాతికేళ్లు ఠంచనుగా బాకీ తీర్చినా ఆ నిజాయతీ ఏ కంప్యూటర్‌లోనూ నమోదు కాదు. తుపానుకు పంట పోతే రుణాల పునర్వ్యవస్థీకరణ బ్యాంకు రుణమున్న వారికే గాని వ్యాపారి అప్పుకు వర్తించదు.

2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం రుణ అర్హత కార్డులు తెచ్చింది. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం ఆ స్థానంలో వచ్చి యజమాని అంగీకార సంతకాన్ని తప్పనిసరి చేసింది. భూమిపై హక్కు పోతుందేమోనన్న శంకతో సంతకానికి యజమానులు వెనుకాడడం గ్రామాల్లో అందరికీ తెలిసిందే. రుణ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తొలిసారి రుణం కోరేవారి దరఖాస్తును తిరస్కరించరాదని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 6 నాటి ఆదేశాల్లో బ్యాంకులకు సూచించింది. దీనికి కనీస స్కోరు అంటూ ఏదీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ అదే ఏడాది పార్లమెంటులో స్పష్టం చేసింది. ఈ మాట శాఖల స్థాయికి చేరవలసి ఉంది.

బ్యాంకులు, యంత్రాంగం ఏం చేయాలి?

భారమంతా రుణగ్రహీతపైనే మోపడం న్యాయం కాదు. మాఫీ సొమ్ము ప్రభుత్వం జమ చేసిన ప్రతిసారీ ఖాతా స్థితిని పరపతి సంస్థలకు సరిచేసి పంపే బాధ్యతను బ్యాంకులు తమంతట తామే తీసుకోవాలి. తుపాను మండలాల్లో వాయిదాల పొడిగింపు ఉత్తర్వు పంట నష్టం లెక్కలతో పాటే వెలువడాలి. నెలలు గడిచాక వస్తే అప్పటికే ఆలస్యం నమోదై ఉంటుంది. జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశాల్లో రుణ లక్ష్యాలు, వసూళ్లతో పాటు నివేదికల దిద్దుబాటు ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఎన్ని పరిష్కారమయ్యాయి అన్నదీ చర్చకు రావాలి. మండల సమాఖ్యలు, గ్రామ సచివాలయాలు ఏటా ఒకరోజు శిబిరం పెట్టి ఉచిత నివేదికలు తీయించి చదివి వినిపిస్తే సగం చిక్కులు అక్కడే తేలతాయి.

ఊళ్లో మాట చెల్లిన రోజుల్లో, తుపానుకు పంట పోయిన రైతును ఎగవేతదారని ఎవరూ అనలేదు. కారణం ఊరికి తెలుసు. కంప్యూటర్‌కు కారణం తెలియదు, చెప్పేవారుంటేనే తెలుస్తుంది. ఆ చెప్పే పనిని రుణగ్రహీత రాతపూర్వకంగా, బ్యాంకు బాధ్యతగా చేసిన నాడే డెల్టాలో పరపతి అన్న మాటకు పాత అర్థం మిగులుతుంది.